చిన్న బోర్డు, పెద్ద డబ్బా

మా హాల్లో టీవీ పక్కన ఒక పెద్ద నల్ల డబ్బా ఉంది. ఒక పక్క మొత్తం గాజు తలుపు, ముందు వైపు ఇనుప జాలీ, జాలీ వెనక మూడు ఫ్యాన్లు. లోపల ఏమీ లేదు. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చేపల తొట్టి అనుకుంటారు. పక్కింటి ముసలమ్మ దేవుడి మందిరం కొన్నాననుకుని, దేవుణ్ణి ఎప్పుడు పెడతావని శుక్రవారం వచ్చినప్పుడల్లా అడిగేది. అది కంప్యూటర్ క్యాబినెట్ అనీ, కంప్యూటర్ భాగాలన్నీ అందులో బిగిస్తారనీ చెబితే, మరి కంప్యూటర్ ఏదంటారు. షాద్‌నగర్ దగ్గర ఉందంటాను. డబ్బా ఇక్కడ, కంప్యూటర్ అక్కడ ఏమిటని ఇంకా తవ్వేవాళ్లకు టీ పోసి మాట మారుస్తాను.

ఆ డబ్బాను ఎంచుకున్నది నేను. కంప్యూటర్ నా తమ్ముడిది. నాకు కంప్యూటర్ గురించి తెలిసింది మా బడిలో పిల్లల మార్కులు ఎక్కించేంత వరకే. శంషాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. నాకు ముక్కు మీద కోపమని పిల్లలు చెప్పుకుంటారు. అది అబద్ధమేమీ కాదు. అయినా ఆ డబ్బా కొన్న రోజు దుకాణంలో అన్నీ తెలిసినదానిలా మాట్లాడిందంతా నేనే. తమ్ముడు పక్కన నిలబడి రెండు మాటలన్నాడు. ఆ రెండూ నేను పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ గాజు తుడుస్తున్నప్పుడల్లా అవే గుర్తొస్తాయి.

మాది మామిడిపల్లి వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. బాపు ఉండగానే చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లయ్యాయి, మాది కూడా చేతులు మారింది. బాపు వెనకే అమ్మ కూడా పోయింది. అప్పటికి తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. వాణ్ణి నా దగ్గరికి తెచ్చుకున్నాను. తెచ్చుకున్నాను అంటున్నాను గానీ, వాడి పెట్టె మోసుకొచ్చింది మా ఆయన. ఆయన సిమెంటు, ఇనుము అమ్మే దుకాణంలో పని చేస్తాడు. మాట తక్కువ మనిషి. ఆ పెట్టెను మాకున్న ఒక్క పడకగదిలో పెట్టి, మా పరుపు తెచ్చి హాల్లో పరిచాడు. చదువుకునే పిల్లవాడికి తలుపున్న గది ఉండాలన్నాడు. ఆ తర్వాత దాని మీద మా ఇద్దరి మధ్య ఎప్పుడూ మాట రాలేదు.

మాకు పిల్లలు కలగలేదు. ఈ సంగతి ఒక్కసారే చెప్పి వదిలేస్తాను.

తమ్ముడు డిగ్రీ పూర్తి చేసి ఎయిర్‌పోర్టు దగ్గరి ఒక గోదాములో చేరాడు. వచ్చిన పార్సిళ్లను ఏ ఊరివి ఆ ఊరికి వేరు చేసే పని. డ్యూటీ ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి పని చేసి పొద్దున వచ్చినవాడు పగలంతా పడుకోవాలి కదా. చదువు కోసం ఇచ్చిన గది అలా నిద్ర కోసం వాడికే ఉండిపోయింది. మేము పొద్దున లేచి హాల్లో పరుపు చుట్టి మూలకు నిలబెట్టేవాళ్లం. అలవాటైపోయిన పనికి కష్టమేముంటుంది. మేము కష్టపడుతున్నామని మాకే తోచలేదు, ఇక వాడికి తోస్తుందని ఎలా అనుకుంటాం.

మా ఇంటికి పై అంతస్తు లేదు. స్లాబు మీద పిల్లర్ల రాడ్లు మాత్రం పైకి పొడుచుకొని ఉంటాయి. శంషాబాద్ చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా ఇంతే. చేతనైనంత కట్టుకొని, చేతకానిదాన్ని రాడ్ల రూపంలో ఆకాశానికి చూపిస్తాం. రేపు పైన వేసుకుంటాం అని దాని అర్థం. ఆ రేపు కొందరికి వస్తుంది. కొందరి రాడ్లు తుప్పు పట్టి వంగిపోతాయి. మా ఆయన ఇనుము దుకాణం మనిషి కాబట్టి ఏటా వానలకు ముందు మా రాడ్లకు సిమెంటు పాలు పూసేవాడు. బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కినప్పుడల్లా, నెత్తి మీదుగా విమానాలు దిగుతుంటే, నేను ఆ రాడ్ల మధ్య గోడలు కట్టుకునేదాన్ని. ఇక్కడ వంటగది, అక్కడ పడకగది, రోడ్డు వైపు బాల్కనీ, బాల్కనీలో ఉయ్యాల. తమ్ముడికి పెళ్లయితే పైన వాళ్లు, కింద మేము. ఈ మాట వాడితో ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. వాడు నవ్వి ఊరుకునేవాడు. నవ్వాడు కదా, ఇంకేం, ఒప్పుకున్నట్టే అనుకునేదాన్ని.

గోదాము పని చేస్తూనే వాడు ఇంకో విద్య పట్టాడు. ఇల్లు కట్టబోయేవాళ్లకు, కట్టాక ముందు నుంచి ఎలా కనిపిస్తుందో కంప్యూటర్‌లో అచ్చంగా ఫొటోలా గీసి చూపించడం. దాన్ని ఎలివేషన్ అంటారట. మా వైపు దీనికి కరువేముంది. ప్లాటు కొన్న ప్రతివాడికీ ఇంటికి పునాది పడకముందే బాల్కనీ రంగు మీద పట్టింపు. వాడి పాత ల్యాప్‌టాప్ ఆ పనికి మొరాయించేది. ఒక గోడకు రంగు మార్చమంటే, మేము అన్నాలు తిని లేచేదాకా ఆలోచించేది. అందుకని భాగాలు విడివిడిగా కొని తానే ఒక కంప్యూటర్ బిగించుకుంటానన్నాడు. నేను సంబరపడ్డాను. ఇంట్లో కూర్చొని చేసుకునే పని దొరికితే వాడు ఇంట్లోనే ఉంటాడు కదా అన్నది నా లెక్క.

ఆ ఏడాది నెలకో అట్టపెట్టె చొప్పున ఇంటికి వచ్చింది. ఒకటి బీరువాలో నా పట్టుచీరల కింద, ఇంకొకటి బియ్యం డ్రమ్ము వెనక, ఇలా దాచాం. అన్నిటికంటే ముందు వచ్చింది మదర్‌బోర్డు. మిగతావన్నీ దాని మీదే కూర్చుంటాయట. నేను చాటంత ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే చిన్నప్పుడు మేము రాసుకున్న పలకలో సగం ఉంది. ఇంత పిసరు ముక్క ఏం సరిపోతుందని అడిగితే, పనంతా ఇదే చేస్తుందక్కా, సైజుదేముంది అన్నాడు. తర్వాత కరెంటు అందించడానికి వచ్చిన పవర్ సప్లై కూడా అలాగే పొట్టిది. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు కూడా పొట్టిదే. వీడు పొదుపు మనిషి, బాపు పోలిక అని మా ఆయనతో గొప్పగా చెప్పాను. ఆయన వాటిని తిప్పి చూసి, వాడి వైపు ఒకసారి చూసి, బాగున్నాయన్నాడు.

డబ్బా ఒక్కటీ మిగిలింది. అది లేకుండానే వాడు బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి, తీగలు కలిపి, ఏదో ఒక మూల స్క్రూడ్రైవర్ ఆనించి కంప్యూటర్‌ను నడిపించాడు. తెర వెలిగింది. వాడి మొహం కూడా వెలిగింది. నేను మాత్రం రెండడుగులు వెనక్కి జరిగాను. చిన్న ఫ్యాను బట్టల్లేని పిల్లాడిలా బల్ల మీద తిరుగుతోంది. మా వీధిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు. గ్రానైటు కోస్తే లేచే తెల్ల దుమ్ము తినే కంచాల్లోకి కూడా వస్తుంది. ఆ దుమ్మంతా ఈ దిక్కులేని బోర్డు మీద పడుతుంటే చూడలేక, డబ్బా కొనే దాకా వాణ్ణి పీక్కుతిన్నాను.

వాడు ఫోన్లో ఒక క్యాబినెట్ చూపించాడు. చిన్నది, బూడిద రంగు, పైన పట్టుకోవడానికి పిడి. ఇదేమిటి, పొలానికి సద్ది తీసుకుపోయే డబ్బానా అని నవ్వాను. వాడు కూడా నవ్వాడు. నా బోర్డు దీంట్లో సరిగ్గా సరిపోతుందని చెప్పాడు. సరిగ్గా సరిపోవడమన్నది మా ఇళ్లల్లో మెచ్చుకోలు కాదు. అన్నం సరిగ్గా సరిపోయేలా వండితే ఆ ఇల్లాలిని లోభి అంటారు. గిన్నెలో కొంచెం మిగలాలి, బీరువాలో కొంచెం చోటు ఉండాలి, స్లాబు మీద రాడ్లు ఉండాలి. ఫోన్లో చూసి కొనడం వద్దని, చేత్తో పట్టుకొని చూసి కొందామని, బడికి సెలవు ఉన్న శనివారం నాడు వాడితో పాటు సికింద్రాబాద్ బయలుదేరాను.

కంప్యూటర్ సామాను అమ్మే దుకాణాలన్నీ అక్కడ ఒకేచోట ఉంటాయి. మేము వెళ్లిన దుకాణం ఇరుకుగా ఉంది, క్యాబినెట్లు నేల నుంచి పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. దుకాణంవాడు ముందు బోర్డు సైజు అడిగాడు. తమ్ముడు చెప్పగానే పై అర నుంచి ఆ పిడి డబ్బానే దించాడు. నేను కుండ కొనేటప్పుడు కొట్టినట్టు వేలితో కొట్టి చూశాను. రేకు గట్టిదే. లోపలికి తొంగి చూస్తే చెయ్యి పట్టే చోటు లేదు. అప్పుడు నా కన్ను ఆ గాజు తలుపు దాని మీద పడింది. లోపల లైట్లు వెలుగుతున్నాయి. ముందు నుంచి గాలి లాగి వెనక నుంచి వదులుతుందని, జాలీ ఊడదీసి కడుక్కోవచ్చని, లోపల ఇంకో మూడు నాలుగు సామాన్లు పెట్టుకునే చోటుందని దుకాణంవాడు చెబుతుంటే, ఆ చివరి మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

దుకాణంవాడు మంచివాడే. ఇంత చిన్న బోర్డుకు అంత పెద్దది అవసరం లేదని కూడా చెప్పాడు. పొట్టి పవర్ సప్లై దాని గూట్లో కూర్చోదని, నడుమ ఒక పట్టీ వేసి బిగించాలని చెప్పాడు. పిల్లలకు చెప్పులు కొనేటప్పుడు ఒక సైజు పెద్దవి కొంటాం కదా అన్నాను. అతను ఆ పట్టీ కూడా తీసి బల్ల మీద పెట్టాడు. తమ్ముడు నా మోచెయ్యి తట్టి మెల్లగా అన్నాడు.

"జర చిన్నదే చూద్దామక్కా."

"రేపు పెద్ద బోర్డు కొంటవ్. అప్పుడు మల్ల డబ్బా కొంటవా? ఇంటి మీద రాడ్లు ఎందుకు ఇడిశినం మరి?"

వాడు ఆ చిన్న డబ్బాను పిడి పట్టుకొని లేపి, మళ్లీ కింద పెట్టాడు.

"రేపు యాడికన్న తీస్కపోవాలంటే ఎట్లక్కా?"

"యాడికి తీస్కపోతవ్ రా? పైకే కద. మెట్లెక్కిస్తే అయిపాయె."

దుకాణంవాడు నవ్వాడు. నేను నవ్వాను. తమ్ముడు కూడా నవ్వాడని అప్పుడు అనుకున్నాను. నీ ఇష్టమక్కా అని, తానే వెళ్లి పెద్ద అట్టపెట్టె ఎత్తుకున్నాడు. నేను పట్టిన పట్టు వదలనని వాడికి తెలుసు. అమ్మ పోయినప్పటి నుంచి వాడు నాకు ఎదురు చెప్పలేదు. అది నేను వాడి మంచితనం అనుకున్నాను, నా అదృష్టం అనుకున్నాను. ఎదురు చెప్పలేని చోట మనిషి ఎలా ఉంటాడో ఆలోచించలేదు. బస్సులో కండక్టర్ ఫ్రిజ్ కొన్నారా అని అడిగాడు. దారంతా ఆ పెట్టెను నా మోకాళ్లకు ఆనించుకొని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు.

బిగించిన తర్వాత చూస్తే, ఆ చిన్న బోర్డు పెద్ద డబ్బాలో ఒక మూలకు, ఫంక్షన్ హాల్లో మిగిలిపోయిన ఒక్క కుర్చీలా కనిపించింది. గాజు తలుపులోంచి ఆ ఖాళీ అంతా కనిపించేది. ఖాళీ అని వాడు అంటే, అది ఖాళీ కాదు, రేపటి చోటు అని సరిచేసేదాన్ని. దసరాకు ఆయుధపూజ నాడు మా ఆయన స్కూటర్‌తో పాటు దానికి కూడా పసుపు కుంకుమ పెట్టి, జాలీ నిండా బంతిపూల దండ చుట్టాను. గాలి ఆడదక్కా, దానికి ఊపిరి అందదు అని వాడు దండను కొంచెం పక్కకు జరిపాడు. నేను మళ్లీ సర్దాను. నేను చూడనప్పుడు వాడు మళ్లీ జరిపాడు.

కంప్యూటర్ బాగా నడిచింది. ప్లాట్లవాళ్లు వాణ్ణి వెతుక్కుంటూ వచ్చారు. ఆదివారం వచ్చిందంటే జాలీ ఊడదీసి కుళాయి కింద కడిగి ఎండకు పెట్టేవాడు. ఒకరోజు నన్ను పిలిచి తెర చూపించాడు. మా ఇల్లు. కింద మా గేటు, మా నందివర్ధనం చెట్టు, మా ఆయన స్కూటర్. పైన ఇంకో అంతస్తు, బాల్కనీ, నేను అడిగిన ఉయ్యాల. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాస్త దగ్గరికి జరిగి చూస్తే, బాల్కనీ కమ్మీలకు ఒక చిన్న బోర్డు కట్టి ఉంది. దాని మీద టులెట్ అని రాసి ఉంది. పైన ఉండేది నువ్వు కదా, కిరాయి బోర్డు ఏమిటని అడిగాను. ఎలివేషన్ అంటే అన్నీ ఉండాలి కదక్కా అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. వీడి వేళాకోళం చూడండని ఆ బొమ్మను బడిలో స్టాఫ్ రూములో అందరికీ చూపించాను.

మరుసటి ఏడు మా మేనత్త ఒక సంబంధం తెచ్చింది. షాద్‌నగర్ వైపు ఊరు. ఒక్కగానొక్క ఆడపిల్ల. పొలం ఉంది, ఇల్లు ఉంది, మగదిక్కుకు తండ్రి ఒక్కడే. అందుకని పిల్లవాడు ఇల్లటం రావాలి. అంటే పెళ్లి చేసుకొని వాళ్ల ఇంట్లోనే అల్లుడిగా ఉండిపోవాలి. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. మా వాడికి ఏం ఖర్మ, అక్క ఇల్లు ఉండగా అనుకున్నాను. అత్తకు టీ తేవడానికి లేచి వంటింటి గడప దాటుతుండగా వెనక నుంచి వాడి గొంతు వినిపించింది.

"నాకు ఇష్టమే అత్తా."

నేను వెనక్కి తిరగలేదు. టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ పెళ్లి అయ్యేదాకా నేను మేనత్తతో సరిగ్గా మాట్లాడలేదు. పొలం ఆశ చూపి పిల్లవాణ్ణి లాగేసిందని కనిపించినవాళ్లందరితో అన్నాను. వాడితో కూడా ముక్తసరిగా మాట్లాడాను. మా ఆయన ఒక్కసారే, పోనియ్యి, వాని బతుకు వాడు సూస్కోనీ అన్నాడు. నీకేం, నీ తమ్ముడా అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధ పడతాను. వాడి పెట్టె మోసుకొచ్చిన మనిషిని అనవలసిన మాట కాదది.

పెళ్లయి అత్తవారింటికి వెళ్లబోయే ముందు వారం, కొరియర్‌లో ఒక పెట్టె వచ్చింది. పిడి ఉన్న బూడిద రంగు డబ్బా. వాడు హాల్లో చాప పరిచి, పెద్ద క్యాబినెట్ గాజు తలుపు తీసి పక్కన పెట్టాడు. స్క్రూలు పోకుండా నేను స్టీలు గిన్నె పట్టుకొని ఎదురుగా కూర్చున్నాను. వాడు ఒక్కొక్క స్క్రూ తీసి గిన్నెలో వేస్తున్నాడు. బోర్డు వచ్చింది. పొట్టి పవర్ సప్లై వచ్చింది, దాని పట్టీ మాత్రం పెద్ద డబ్బాలోనే ఉండిపోయింది. పొట్టి కార్డు వచ్చింది. అన్నీ ఆ చిన్న డబ్బాలోకి, కొలత తీసి కుట్టించిన జాకెట్టు ఒంటికి పట్టినట్టు, ఎక్కడా ఇరుకు లేకుండా ఎక్కడా వదులు లేకుండా వెళ్లి కూర్చున్నాయి.

నేను గిన్నె కింద పెట్టాను. ఒక ప్రశ్న నోటి దాకా వచ్చింది. అడగలేదు. పెద్దది కూడా తీసుకుపోరా, రేపు పనికొస్తది అని మాత్రం అన్నాను. అది నీదక్కా, నువ్వు ముచ్చటపడి తెచ్చినవు అన్నాడు. మర్నాడు ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో ఆ డబ్బా పిడి పట్టుకొని గేటు దాటాడు. అంత తేలికగా, సద్ది పట్టుకొని పోయేవాడిలాగే పోయాడు.

పెద్ద డబ్బా టీవీ పక్కనే ఉండిపోయింది. పాత సామాన్లు కొనేవాడు వీధిలోకి వచ్చినప్పుడు దాని మీద కన్నేసి బేరం పెట్టాడు. వాడి మీద అరిచి పంపించాను, పాపం ఏం చేశాడని. బడి పిల్లలు చేసిన మట్టిబొమ్మలు అందులో పెడదామని ఒకసారి పెట్టి, మళ్లీ తీసేశాను. వానలు వచ్చాయి. మా ఆయన ఈసారి రాడ్లకు సిమెంటు పాలు పూయడం మరిచిపోయాడు. మరిచిపోయాడనే నేను అనుకుంటున్నాను.

రాఖీ పున్నమి వచ్చింది. ఇన్నేళ్లూ వాడు మా ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి పొద్దున స్నానం చేసి రాగానే చేతికి కట్టేసేదాన్ని. మా తెలంగాణలో ఆ రోజు బస్సులన్నీ అన్నదమ్ముల ఊళ్లకు పోయే ఆడవాళ్లతో నిండి ఉంటాయని తెలుసు గానీ, అందులో నేనూ ఒకదాన్ని అవుతానని అనుకోలేదు. మిఠాయి డబ్బా ఒళ్లో పెట్టుకొని షాద్‌నగర్ దాకా నిలబడి వెళ్లాను. ఒళ్లో అనడం అలవాటు. సీటు దొరికితేనే కదా ఒడి.

వాళ్ల ఊరు, వాళ్ల ఇల్లు శుభ్రంగా ఉన్నాయి. మరదలు మంచి పిల్ల. నా కాళ్లకు నీళ్లిచ్చి, వదినా వదినా అంటూ వెంటే తిరిగింది. తమ్ముడు కొంచెం ఒళ్లు చేశాడు. గోదాము పని మానేసి, పొద్దున పొలం చూసుకొని, మిగతా పొద్దు ఎలివేషన్లు గీస్తున్నాడట. కిటికీ పక్కన బల్ల మీద ఆ చిన్న డబ్బా ఉంది. మరదలు దానికి పూల గుడ్డతో తొడుగు కుట్టింది. గాలి లాగే వైపు, వదిలే వైపు మాత్రం కత్తిరించి వదిలేసింది. ఎక్కడ వదలాలో ఆయన గీత గీసి ఇచ్చిండు వదినా అని చెప్పింది. నేను దసరా నాడు చుట్టిన బంతిపూల దండ గుర్తొచ్చింది.

రాఖీ కట్టాను. మిఠాయి నోట్లో పెట్టాను. మరదలు వంటింట్లోకి వెళ్లాక, ఆ రోజు గిన్నె పట్టుకొని కూర్చున్నప్పుడు నోటి దాకా వచ్చి ఆగిన ప్రశ్న అడిగాను.

"తమ్మీ, గీ చిన్న డబ్బా కొనాల్నని ఎప్పుడు అనుకున్నవ్ రా?"

వాడు రాఖీ దారం ముడి సరిచేసుకున్నాడు.

"బోర్డు కొన్ననాడే అక్కా."

బోర్డు అన్నిటికంటే ముందు కొన్నది. అప్పటికి ఈ సంబంధం మాటే లేదు. ఈ ఊరి పేరు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. వాణ్ణి లాగింది పొలం కాదు, మేనత్త కాదు. వాడు మా ఇంట్లో కూర్చొని, మా అన్నం తింటూ, ఎక్కడికైనా సులువుగా పట్టుకుపోగలిగే కంప్యూటర్‌కు ఒక్కొక్క భాగమే కొనుక్కున్నాడు. నేను వాటిని నా పట్టుచీరల కింద భద్రంగా దాచిపెట్టాను.

"నా ఇంట్ల నీకు ఏం తక్కువైందిరా?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"ఏం తక్కువ కాలేదక్కా. నేను నైట్ డ్యూటీ చేసి పొద్దున ఇంటికొచ్చేసరికి నువ్వు, బావ హాల్ల పరుపు చుడుతుంటిరి. అన్నేండ్లు అదే సూసిన. యాడన్న కిరాయి గది సూస్కొని పోదామనుకున్న. నీకు చెప్పనీకి నోరు రాలే."

"పైన కడ్తమంటి కదరా."

"పైన కడితే అది గూడ నా కోసమే అయితది. బావ ఇంకెంత మోస్తడు? కట్టినంక కిరాయికి ఇయ్యుండ్రి. గందుకే ఆ బొమ్మల టులెట్ బోర్డు పెట్టిన." నా వైపు చూడకుండా అన్నాడు. "ఇగ గదిల మీరు పడుకోండ్రి అక్కా."

మరదలు విస్తళ్లు వేసి పిలిచింది. కూర్చొని తిన్నాను. ఏం తిన్నానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

తిరుగు బస్సులో సీటు దొరికింది. కిటికీ పక్కన కూర్చొని ఏడ్చాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు. వాడు వెళ్లిపోయినందుకు కాదు. పెళ్లయినవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు, షాద్‌నగర్ ఏమంత దూరం. వాడు అన్నేళ్లు పొద్దున్నే గుమ్మంలో నిలబడి మా పరుపు చూసి, చప్పుడు కాకుండా గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడే, అందుకు. వాడికి ఆ గది ఇచ్చామని మేము సంతోషపడుతుంటే, అందులో వాడు ముడుచుకొని పడుకున్నాడే, అందుకు. ఒక్కసారి కూర్చోబెట్టి, నీకేం కావాలిరా అని అడిగి, జవాబు చెప్పేదాకా నేను నోరు మూసుకొని ఉంటే చెప్పేవాడేమో. రేపటి కోసం ఎంత చోటు ఉంచానో చూసుకున్నాను గానీ, ఆ పూట వాడికి ఊపిరాడుతోందా అని చూడలేదు. ఇప్పుడు అనుకొని ఏం లాభం.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన గేటు దగ్గరే ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను.  ఆయన అంతా విన్నాక లోపలికి వెళ్లి, మూలకు నిలబెట్టిన పరుపును భుజాన వేసుకొని గదిలోకి తీసుకెళ్లి మంచం మీద పరిచాడు. తమ్ముడి పాత దుప్పట్లు నేను మడిచి బీరువాలో పెట్టాను. ఒకప్పుడు వాడి మదర్‌బోర్డు దాచిన చోట పెట్టాను.

ఆ గదిలో ఎక్కువ రోజులు లేము. మంచం కిర్రుమంటోందని ఆయన అన్నాడు, గాలి ఆడటం లేదని నేనన్నాను. పరుపు మళ్లీ హాల్లోకి, గాజు తలుపు డబ్బా పక్కకే తెచ్చుకున్నాం. ఆ గదికి రెండు వైపులా కిటికీలున్నాయి. మా ఇంట్లో గాలి బాగా వచ్చే గది అదొక్కటే.